పాత సామానుకు సలాం

మౌలాలికి ఉన్నది ఒకటే దిగులు. తాత తన తలకు పచ్చ గుడ్డ ఎప్పుడు కడతాడా అని.

రాళ్లమిట్ట తకియాలో అదొక ఆనవాయితీ. తకియా అంటే ఫకీర్లుండే చోటు. నల్లమల కొండల అడుగున, ఘాట్ రోడ్డు మొదలయ్యే దగ్గర, రేకుల కప్పు వేసిన కొన్ని గదులు, ఒక బావి, ఒక పెద్ద వంటపొయ్యి. అంతే ఆ తకియా. శిష్యుడు పక్వానికి వచ్చాడని తోచిన రోజున లతీఫ్ తాత తన ట్రంకుపెట్టె తెరిచి, పచ్చ గుడ్డ ఒకటి తీసి అతని తలకు కడతాడు. ఎందుకు కట్టాడో చెప్పడు. అన్నాళ్లూ ఎందుకు కట్టలేదో అసలే చెప్పడు.

మౌలాలి కంటే వెనక వచ్చినవాళ్లకు కూడా గుడ్డ దక్కింది. పప్పులో ఉప్పు వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేసే వంటాయనకు కూడా దక్కింది. ఆ పూట మౌలాలికి అన్నం సయించలేదు. పప్పు ఉప్పగా ఉన్నందుకు కాదు.

మౌలాలి కర్నూలు షెడ్లలో పెరిగిన మెకానిక్. బానెట్ ఎత్తకుండానే, చప్పుడు విని బండికి ఏం జబ్బో చెప్పగలడు. ఎక్కడ ఏ మోత వచ్చినా అతని దృష్టిలో అది రోగమే. మాన్పితే గానీ నిద్ర పట్టదు.

ఈ తకియాకు అతను నడిచి రాలేదు. మోసుకొస్తే వచ్చాడు. ఒకప్పుడు లారీలో ఘాట్ దిగుతుంటే మలుపులో లారీ బోల్తా పడింది. డ్రైవరు సాయం కోసం కిందికి పరుగెత్తాడు. మౌలాలి కాలు విరిగి రోడ్డు పక్క రాళ్ల మీద పడి ఉన్నాడు. ఎండ మొహాన కొడుతోంది. ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాడు. అటుగా తకియా పికప్ బండి వచ్చింది. తాత దిగి అతని నోట్లో నీళ్లు పోశాడు. ఆ బండే అతన్ని ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. కాలికి సిమెంటు కట్టు వేయించుకుని అదే బండిలో తకియాకు వచ్చాడు.

"కాలు అతికేదాకా ఉండి పో" అన్నాడు తాత.

కాలు అతికింది. మౌలాలి పోలేదు.

ఆ పికప్ బండి అప్పటికే ముసలిది. పొద్దున్నే నలుగురు తోస్తే గానీ మేలుకునేది కాదు. ఎత్తు వచ్చిందంటే పొగ కక్కేది. సీటు స్పంజి ఊడి స్ప్రింగులు పైకి తేలాయి. వెనక తలుపు గడియ ఏనాడో విరిగిపోతే ఎవరో ఒక ఇనుప గొలుసు చుట్టి కొక్కేనికి తగిలించారు. మిగిలిన మూర గొలుసు కిందికి వేలాడుతూ, బండి కదిలినప్పుడల్లా రేకును కొట్టేది. టంగ్, టంగ్, టంగ్.

ఆ బండి ప్రతి గురువారం కొండెక్కేది. పైన తప్సి గూడెం అని చెంచుల ఊరు ఉంది. జబ్బు చేసినవాళ్లను, చంటిబిడ్డల తల్లులను ఎక్కించుకుని, కిందనున్న టౌను ఆసుపత్రికి తెచ్చి, సాయంత్రం మళ్లీ దించి వచ్చేది. కాలు బాగైన నాటి నుంచి స్టీరింగు మౌలాలిదే.

ఒకరోజు అతను తాత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, ఈ బండి నన్ను బతికించింది. ఇప్పుడు దీన్ని నేను బతికిస్తా."

తాత చేతిలోని జపమాల, తస్బీ, తిప్పుతూ తలెత్తాడు. "బతికే ఉంది కదప్పా?"

"ఇదేం బతుకు తాతా! కర్నూల్లో జబ్బార్ భాయ్ తుక్కు దుకాణం ఉంది. మంచి మంచి బండ్లు యాక్సిడెంట్లలో పోయినవి అక్కడికే వస్తాయి. ఆయన క్రేను నేను బాగుచేసి ఇస్తానంటే కావలసిన సామాను ఊరికే తీసుకోమన్నాడు. ఒప్పుకోండి. ఈ బండిని కొత్త పెళ్లికూతుర్ని చేస్తా."

అతను ఇదంతా మనస్ఫూర్తిగానే అన్నాడు. అయితే ఆ మనసులోనే ఒక మూల, బండి తళతళలాడుతూ తకియా ముందు ఆగుతుంది, తాత ట్రంకుపెట్టె తెరుస్తాడు అన్న బొమ్మ కూడా ఉంది. లేదంటే అబద్ధం.

"సరే" అన్నాడు తాత. "ఒక్క మాట. చచ్చిన బండి నుంచి ఏది తెచ్చినా, ముందు కడుగు. తుడువు. అది ఎవరిదో కనుక్కుని సలాం చెప్పు. ఆ తర్వాత బిగించు."

"ఇనుముకు సలామా తాతా?"

తాత అప్పటికే తస్బీలో పడిపోయాడు.

*

మొదట వచ్చింది ఇంజను. ఘాట్‌లో పల్టీ కొట్టిన పాల వ్యానుది. వ్యాను నుజ్జయినా ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. మౌలాలి దాన్ని బావి దగ్గర దించి, కిరసనాయిలు పోసి కడిగి, పాత పంచెతో తుడిచాడు. తాత వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఎవరిది?"

"పాల వ్యానుది తాతా."

"వ్యాను ఎవరిది?"

మౌలాలి మర్నాడు జబ్బార్ భాయ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు. వెంకటస్వామి అనే ఆయనదట. ఆయనకు చెయ్యి విరిగిందట గానీ ప్రాణానికి ఏం కాలేదట. తెల్లవారకముందే ఊరూరూ తిరిగి పాలు పోసేవాడట.

"వెంకటస్వామికి సలాం" అన్నాడు మౌలాలి, ఇంజను మీద చెయ్యి పెట్టి. అలా అంటుంటే సిగ్గేసింది. తాత కూడా గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, లేచి వెళ్లిపోయాడు.

ఆ ఇంజను ఎక్కించిన వారం మాత్రం బండి కొండెక్కలేదు. దాని గురించి మౌలాలికి కొంచెం బెంగ ఉంది. తప్సి గూడెంలో ఈదమ్మ అనే ముసలావిడ ఉంది. చూపు దాదాపు పోయింది. తేనె కోసం వెళ్లినప్పుడు పాదంలో దిగిన ముల్లు పుండై, లోపలికి తినేసింది. గురువారం గురువారం ఆసుపత్రిలో కడిగించి కట్టు మార్పించాలి. కిందటిసారి నర్సమ్మ మౌలాలిని పక్కకు పిలిచి మరీ చెప్పింది.

"ఒక వారం తప్పితే ఎలాగో చూసుకుంటా. వరసగా రెండో వారం కూడా తప్పిందనుకో, పాదం దక్కుతుందని నేను చెప్పలేను."

ఒక వారం తప్పింది. వచ్చే గురువారం ఎలాగైనా వెళ్లాలి. అందుకే మౌలాలి తిండి కూడా మరిచి పనిచేశాడు.

ఊళ్ల మధ్య తిరిగి తిరిగి మూలపడ్డ బస్సు సీటు ఒకటి వచ్చింది.

"ఎవరిది?" అన్నాడు తాత.

"బస్సు సీటు ఎవరిదని చెప్పాలి తాతా? ఎక్కి కూర్చున్నోళ్లందరిదీ."

"అయితే అందరికీ చెప్పు."

మౌలాలి నవ్వుతూనే చెప్పాడు. సంతకు పోయినోళ్లకు సలాం. పుట్టింటికి పోయినోళ్లకు సలాం. టికెట్టు తీసుకోకుండా ఎక్కినోళ్లకు కూడా సలాం. తాతకు నవ్వొచ్చింది. గడ్డం సవరించుకుంటూ దాచుకున్నాడు.

అలా చెప్పగా చెప్పగా మౌలాలికి అది అలవాటైంది. అలవాటే కాదు, సరదా అయింది. గేరుబాక్సు ఎవరిదో, రేడియేటర్ ఎవరిదో, సైలెన్సర్ ఎవరిదో ముందే కనుక్కుని సిద్ధంగా ఉండేవాడు. తాత అడగడమే ఆలస్యం, గడగడా చెప్పేసేవాడు. కాకపోతే సలాం చెప్పేటప్పుడు ఒక కన్ను తాత చూస్తున్నాడా లేదా అని చూస్తూ ఉండేది.

టూరిస్టు బస్సు నుంచి పాటలు పాడే హారన్ దొరికింది. దాన్ని నొక్కితే పెళ్లి ఊరేగింపు వచ్చినంత సందడి. చివరగా బ్యాండు మేళం వాళ్ల పాత వ్యాను నుంచి వెనక తలుపు గడియ. అసలైన ఉక్కు గడియ. నెట్టితే చాలు, క్లిక్‌మని పడుతుంది. మళ్లీ లాగితే తప్ప ఊడదు.

గడియ బిగించి, మౌలాలి ఆ పాత గొలుసును కొక్కెం నుంచి ఊడబెరికాడు. ఎన్నాళ్ల నుంచో ఆ మోత అతని చెవిలో జోరీగలా ఉంది. అమ్మయ్య అనుకుని, గొలుసును గిరగిరా తిప్పి గోడవతల తుక్కు కుప్ప మీదికి విసిరాడు. పాత ఇంజను, పాత సీటు, గొంతు పోయిన హారన్, చిల్లులు పడ్డ సైలెన్సర్ అన్నీ అక్కడే పడి ఉన్నాయి.

తాత నెమ్మదిగా గోడ చుట్టి వెళ్లాడు. కుప్ప మీద నుంచి గొలుసు తీసుకుని వచ్చాడు.

"ఇది ఎవరిది?"

"అది తుక్కు తాతా. ఎవరిదీ కాదు. మన పాతదే."

తాత బావిలో చేద వేసి నీళ్లు తోడి, గొలుసు కడిగి, తన గది తలుపు పక్కనున్న మేకుకు తగిలించాడు. పెద్దాయనకు వయసు మీద పడుతోందని మౌలాలి జాలిపడ్డాడు. ఇనప ముక్క కూడా పారేయలేని పిసినారితనం వయసుతో వస్తుందని ఎక్కడో విన్నాడు కూడా.

*

గురువారం వచ్చింది.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. తోసేవాళ్ల అవసరం లేకపోయింది. వంటాయన తోయడానికి చేతులు చాపుకుని వచ్చి, అలాగే నిలబడిపోయాడు. బండి మెత్తగా గేటు దాటింది. కొండెక్కుతుంటే పొగ లేదు, వణుకు లేదు. సీటు ఊయలలా ఉంది. మౌలాలి చెవులు రిక్కించి విన్నాడు. ఎక్కడా ఒక్క మోత లేదు. నీళ్ల మీద పడవ పోతున్నట్టుంది. ఒక్కడే ఉన్నా నవ్వుకున్నాడు. వెంకటస్వామీ, నీ ఇంజను చూడు, అనుకున్నాడు.

తప్సి గూడెం రోడ్డుకు పైన, చెట్ల వెనక ఉంటుంది. రోడ్డు మీద నుంచి గుడిసెలు కనబడవు. ఎప్పుడూ మౌలాలి మలుపు తిరిగేసరికే జనం కాలిబాట దిగి రోడ్డు అంచున నిలబడి ఉండేవాళ్లు. ఈదమ్మ కర్ర పట్టుకుని అందరికంటే ముందుండేది.

ఆ రోజు రోడ్డు అంచున ఎవరూ లేరు.

మౌలాలి బండి ఆపాడు. హారన్ కొట్టాడు. అది పాట మొత్తం పాడింది. కొండ దాన్ని తిరిగి పాడింది. పొదల్లో ఏదో కదిలినట్టుంది, మళ్లీ సద్దు మణిగింది. మళ్లీ కొట్టాడు. ఎవరూ రాలేదు. కిందటి వారం బండి రాకపోయేసరికి వెదురు లారీలో టౌనుకు దిగారేమో అనుకున్నాడు. లేకపోతే అందరూ కలిసి అడవిలోకి పోయారేమో. కాసేపు చూశాడు. లోపల బెంగతో పాటు కోపం కూడా వచ్చింది. తిండి మాని, నిద్ర మాని ఎవరి కోసం చేశాను ఇదంతా అనిపించింది.

బండి తిప్పుకుని ఖాళీగా తకియాకు వచ్చాడు.

తాత గది ముందు నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు.

"గూడెపోళ్లకు విశ్వాసం లేదు తాతా" అన్నాడు మౌలాలి, దిగీ దిగకముందే. "ఒక్కరంటే ఒక్కరు రాలేదు. హారన్ మీద హారన్ కొట్టినా. వేరే బండి ఏదో చూసుకున్నట్టుంది. ఈదమ్మ కూడా రాలేదు. వస్తే రానీ, పోతే పోనీ అనుకుందామంటే ఆ కాలు..."

కోపం కింద ఉన్నది భయమేనని అప్పుడు అతనికి తెలిసింది. మధ్యాహ్నం దాటితే ఆసుపత్రిలో కట్లు కట్టేవాళ్లు ఉండరు.

తాత చేతులు దులుపుకుని లేచాడు. మేకు నుంచి గొలుసు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"పోదాం పా."

"ముందర కూచోండి తాతా. బస్సు సీటు. మెత్తగా ఉంటుంది."

"నాకు వెనకే బాగుంటుందిలే" అని, తాత మౌలాలి చెయ్యి ఆసరా చేసుకుని వెనక ఎక్కి, తలుపు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఉక్కు గడియ క్లిక్‌మని పడింది. "బాగుంది గడియ" అన్నాడు.

బండి మళ్లీ కొండెక్కింది. గూడెం ఇంకా చాలా దూరం ఉండగానే వెనక నుంచి చప్పుడు మొదలైంది.

టంగ్. టంగ్. టంగ్.

మౌలాలి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఏదో ఊడింది అనుకున్నాడు. అద్దంలోకి చూశాడు. తాత ఒక చేత్తో బండి అంచు పట్టుకుని, రెండో చేత్తో గొలుసును వేలాడదీసి, బండి రేకును కొడుతున్నాడు. బండి ఊగినప్పుడల్లా ఒకసారి. తొందర లేదు. ముసలాయన గడ్డం గాలికి ఎగురుతోంది.

టంగ్. టంగ్.

లారీ బోల్తా పడ్డ ఆ మలుపు దగ్గరకు వచ్చేసరికి మౌలాలికి విరిగి అతికిన కాలు ఉన్నట్టుండి జలదరించింది. అదే మలుపు. అవే రాళ్లు. ఎండ మొహాన కొడుతుంటే కళ్లు మూసుకుని పడి ఉన్నాడు తను. పక్కన మనిషి లేడు. పిలవడానికి గొంతు లేదు. అప్పుడు ఎక్కడో కింద, చాలా దూరంలో, ఇనుము రేకును కొడుతున్న చప్పుడు వినబడింది. వినబడి, ఆగి, మళ్లీ వినబడి, దగ్గరవుతూ వచ్చింది. ఎవరో వస్తున్నారు అనుకున్నాడు. ఆ ఒక్క చప్పుడు కోసమే కళ్లు తెరిచి ఉంచాడు. బండి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అది.

ఇన్నాళ్లూ ఆకాశం గుర్తుంది, నొప్పి గుర్తుంది, తాత పోసిన నీళ్లు గుర్తున్నాయి. ఆ చప్పుడు ఎలా మరిచిపోయాడో అతనికే తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగి రోడ్డు సరిగా కనబడక బండి నెమ్మది చేశాడు.

గూడెం మలుపు తిరిగేసరికి కాలిబాట మీద జనం దిగుతున్నారు. చంకలో బిడ్డలతో తల్లులు. దగ్గుతున్న ఒక పెద్దాయన. వాళ్ల ముందు కర్రతో నేల తడుముకుంటూ ఈదమ్మ. పాదానికి చుట్టిన గుడ్డ నల్లబడి ఉంది.

"ఏం సామీ, ఇంత ఆలస్యం?" అంది ఆమె, మౌలాలి వైపు కాకుండా గొలుసు మోగిన వైపు మొహం పెట్టి. "పొద్దున్నుంచి చెవులప్పగించి కూసున్నా. పోయిన వారం రాలేదు, ఈ వారమూ రాదేమో అనుకుంటి."

మౌలాలి బండి దిగి ఆమె దగ్గరకు వెళ్లాడు. "పొద్దున్నే వచ్చినా అవ్వా. హారన్ కూడా కొట్టినా. ఇన్లేదా?"

"అది నువ్వా?" అంది ఈదమ్మ. పక్కనున్న తల్లులు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "పెండ్లి బస్సేదో దారి తప్పొచ్చిందనుకున్నాం నాయనా! తెలీని బండి వస్తే మేం రోడ్డెక్కం. మన బండైతే ఆ కింద వంక కాడ ఉండంగనే ఇనపడుతుంది గదా. అప్పుడు లేస్తే ఈ కాలితో నేను రోడ్డుకు దిగేసరికి బండి వస్తుంది. మా గొలుసు ఏమైంది పొద్దున? మోగలేదేం?"

తాత వెనక కూర్చుని గొలుసును ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదని అడుగుతున్నట్టు కొండ వైపు చూస్తున్నాడు.

"ఇక మోగుతుంది అవ్వా" అన్నాడు మౌలాలి. అతను ఆమెను రెండు చేతుల మీద ఎత్తి ముందు సీటులో కూర్చోబెట్టాడు. పత్తి మూట కూడా అంతకంటే బరువుంటుంది.

"అబ్బ, మెత్తగా ఉందే" అని ఆమె సీటును రెండు చేతులా తడిమింది. "ఎవురిదిది?"

"బస్సెక్కినోళ్లందరిదీ అవ్వా" అన్నాడు మౌలాలి. ఈసారి నవ్వుతూ చెప్పలేదు.

పాత ఇంజనైతే ఆ వేళకు టౌను చేరేది కాదు. పాల వ్యాను ఇంజను చేర్చింది. నర్సమ్మ చేతులు కడుక్కుని సంచీ భుజాన వేసుకోబోతుండగా మౌలాలి ఈదమ్మను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. నర్సమ్మ సంచీ పక్కన పెట్టి, గుడ్డ విప్పి, చాలాసేపు వంగి చూసింది.

"ఇవాళ తెచ్చావు కాబట్టి సరిపోయింది" అంది. "వచ్చే వారం కూడా తీసుకురా."

మౌలాలి బయటికి వచ్చి, బండి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అది ఇంకా వేడిగా ఉంది. వెంకటస్వామికి సలాం అనుకున్నాడు. తాత అటు వైపు లేడు, చూడటం లేదు. ఆ సంగతి మౌలాలికి గుర్తు కూడా లేదు.

*

గూడెం వాళ్లను దించి తకియాకు వచ్చేసరికి ఎండ తగ్గింది. తాత గొలుసు తీసుకెళ్లి మళ్లీ మేకుకు తగిలించి, సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్లాడు. దారిలో ఒక్క మాట అనలేదు. అని ఉంటే మౌలాలికి కొంచెం తేలికయ్యేది.

వంటాయన అన్నానికి పిలిచాడు. మౌలాలి తర్వాత తింటానన్నాడు. బావిలోంచి నీళ్లు తోడి, బకెట్లు మోసుకుని గోడవతలికి వెళ్లాడు.

తుక్కు కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు పాత ఇంజనును కడిగాడు. పగుళ్లలో చేరిన మసిని వేలితో తీశాడు. "నువ్వు నన్ను ఆసుపత్రికి మోసినావు. పొగ కక్కుతూనే మోసినావు. సలాం" అన్నాడు. పాత సీటు స్ప్రింగులను కడిగాడు. "నీ మీద తల పెట్టుకుని పడుకున్నా. సలాం." చిల్లులు పడ్డ సైలెన్సర్‌ను, గొంతు పోయిన హారన్‌ను కడిగాడు. హారన్‌కు ఏం చెప్పాలో తెలియలేదు. అది ఎప్పుడూ మోగగా అతను వినలేదు. అయినా సలాం చెప్పాడు. పనికిరాని రేకు ముక్క కూడా ఒకటి కనబడితే వదల్లేదు. చొక్కా తడిసింది, చేతులు నల్లబడ్డాయి. మధ్యలో ఒకసారి ఏడ్చాడు కూడా. దుఃఖం కాదు. ఇంతమంది కలిసి తనను బతికించారన్న సంగతి ఒక్కసారిగా మీద పడితే మనిషి తట్టుకోవడం కష్టం.

అన్నీ కడిగి, వరసగా గోడకు ఆనించి, లోపలికి వచ్చాడు. మేకుకున్న గొలుసు తీసి బావి గట్టు మీద పెట్టాడు. తాత కడిగిందే అయినా మళ్లీ ఒక్కో లంకె విడివిడిగా కడగసాగాడు.

తాత వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఎవరిది?"

"తప్సి గూడెం వాళ్లది తాతా" అన్నాడు మౌలాలి తల ఎత్తకుండా. ఇంకో లంకె కడిగి, "నాది కూడా" అన్నాడు.

గొలుసు నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడవడానికి చుట్టూ చూశాడు. పాత పంచె మసితో ముద్దయి గోడవతలే ఉండిపోయింది. తాత లేచి గదిలోకి వెళ్లాడు. ట్రంకుపెట్టె కిర్రుమంది. తిరిగి వచ్చి, చేతిలోని గుడ్డను మౌలాలి ముందుకు చాపాడు.

మడత కూడా విప్పని పచ్చ గుడ్డ.

మౌలాలి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "దీంతోనా తాతా?"

"తడి ఉంటే తుప్పు పడుతుంది. తుడువు."

మౌలాలి తుడిచాడు. ప్రతి లంకెనూ తుడిచాడు. పచ్చ గుడ్డ నిండా గోధుమరంగు తుప్పు చారలు, మధ్య మధ్య నల్లటి వేలిముద్రలు పడ్డాయి. తర్వాత గొలుసును రెండు చేతుల్లో పట్టుకుని తల వంచాడు. నోటితో ఏమీ అనలేదు. బండి దగ్గరకు వెళ్లి, ఉక్కు గడియ పక్కనే, పాత కొక్కేనికి దాన్ని తగిలించాడు. ఒక మూర కిందికి వేలాడేలా వదిలాడు. వేలితో ఊపి చూశాడు.

టంగ్.

వెనక నుంచి తాత చేతులు వచ్చి అతని తలను తాకాయి. గుడ్డ నుదుటికి చుట్టుకుంటోంది. ఇంకా తడిగా, చల్లగా ఉంది. ఇనుము వాసన వేస్తోంది. మౌలాలి కదలకుండా నిలబడ్డాడు.

"మరకలైనాయి తాతా" అన్నాడు. "ఉతుక్కొచ్చి ఇస్తా. అప్పుడు కట్టండి."

"ఉతికినా పోదులే" అని తాత ముడి బిగించాడు.